రెండో గుండీ

"పాప కమ్మలు, గొలుసు, పిన్నులు అన్నీ తీసెయ్యమ్మా. గౌను విప్పి ఈ నాడాల చొక్కా వెయ్యి," అన్నాడు స్కానింగ్ టెక్నీషియన్.

పిల్ల గౌను విప్పుతుంటే రెండో గుండీ తల్లి చేతిలోకి ఊడి వచ్చింది. నిన్ననే కుట్టింది దాన్ని. ఆమె పనే బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టడం. ఆమె కుట్టింది ఊడిందని ఈ పూట సెలవుకు రోజు కూలీ కోసే ఆ సూపర్‌వైజరు మహానుభావుడు కూడా పన్నెండేళ్లలో అనలేదు. కూతురి గౌనుకు మాత్రం ఈ నెలలో ఇది నాలుగోసారి. ఎందుకని ఎవరినీ అడగలేదు. అడగాలంటే భయం.

ఫిట్స్ తగ్గడానికి పిల్ల తలకు ఆపరేషన్ జరిగి ఏడాదైంది. అంతకుముందు ఫిట్ వస్తే పక్కింటికి వినపడకుండా నాయనమ్మ తలుపు మూసి, టీవీ సౌండు పెంచేది. ఇప్పటికీ పక్కింట్లో టీవీ గట్టిగా మోగితే తల్లి పిల్ల ఎక్కడుందో వెతుక్కుంటుంది. ఫిట్స్ లేవని డాక్టరు కాగితం ఇస్తేనే స్కూల్లో చేర్చుకుంటారట. అందుకే పొద్దున నాయనమ్మ కోడలికి మరీ మరీ చెప్పి పంపింది: "అక్కడ నోరు మెదపకే తల్లీ."

అద్దం అవతల మిషను దబదబా మోగింది. లోపల పడుకున్న పిల్ల కుడిచెయ్యి మెల్లగా గుండె మీదికి వెళ్లింది. రెండు వేళ్లు గుండీ కోసం వెతికాయి. దొరకలేదు. అయినా లేని గుండీని మెలితిప్పుతూనే ఉన్నాయి.

"కదలకు పాపా," అన్నాడు టెక్నీషియన్ మైకులో. ఆ మాట పిల్లకు వినపడలేదని తల్లికి తెలిసిపోయింది.

తర్వాత డాక్టరమ్మ తల్లికీ తండ్రికీ తెరమీద బొమ్మ చూపించింది. ఆపరేషన్‌లో తీసేసినచోట నల్లటి ఖాళీ.

"శుభ్రంగా ఉంది. కానీ బొమ్మ చెప్పేది ఇంతవరకే, మిగతాది మీరు చెప్పాలి. చూపు నిలిచిపోవడం, చేతులు వాటంతటవే ఆడటం, ఏడాదిలో ఒక్కసారైనా ఉందా?"

"అబ్బే, లేదండీ. బంగారంలా ఉంది," అన్నాడు తండ్రి.

"అయితే మాత్రలు తగ్గిద్దాం." కలం తీసింది.

"రాయకండమ్మా," అంది తల్లి.

"ఏంటే నువ్వు! స్కూలు పోతుందే!"

"పోతే పోనీవయ్యా. పిల్ల పోతే ఎక్కడ తెచ్చుకుంటాం?" ఇన్నాళ్లూ సూదీ దారంతో తను చేసింది కూడా తలుపు మూయడమే. గుప్పిట విప్పి గుండీని బల్లమీద పెట్టింది. "నెలలో నాలుగుసార్లు తెంపిందమ్మా. చూసీ చూడనట్టు కుట్టేశాను."

బెంచీ మీద కూర్చున్న పిల్ల తలెత్తింది. ముఖంలో తప్పు చేసినట్టు భయం.

"ఫిట్ వచ్చేలా ఉన్నప్పుడల్లా తలుపు వెనక్కే వెళ్లాను కదమ్మా," అంది. "నీకెలా తెలిసింది?"