హస్తవాసి

"చూడవే సైన్సు మేడమ్, కళ్ళు పెద్దవి చేసుకుని మరీ చూడు!" అంటూ అక్క రిపోర్టు తెచ్చి నా ముక్కుకి ఆనించింది.

అందులో ఏముందో నాకు ముందే తెలుసు. ఆ రిపోర్టు ఇచ్చిన ఈ ల్యాబులో ముక్కలు కోసి స్లైడ్లు చేసేది నేనే. ఐదు వారాల క్రితం అక్క రొమ్ములోంచి తీసిన ముక్కలో క్యాన్సర్ ఉందని ఇక్కడే తేలింది. వచ్చే సోమవారం ఆపరేషన్. ఈలోగా అక్క ప్రార్థన మందిరానికి వెళ్ళి ఏడ్చింది, మొక్కింది. ఉన్నట్టుండి ఒకరోజు, "ఇంకోసారి ముక్క తీసి చూస్తేగానీ కత్తి పడనివ్వను" అని మొండికేసింది. సర్జన్ విసుక్కుంటూనే తీశాడు. ఈసారి ఏమీ లేదు. శుభ్రంగా ఉంది.

"అద్భుతమా, కాదా? నోరు విప్పి చెప్పు."

"నీ మొహం" అన్నాను. అని, అక్కను వాటేసుకుని భోరున ఏడ్చాను. సంతోషంతోనే.

స్లైడ్లు చూసి రిపోర్టు రాసే మా డాక్టరమ్మ మైక్రోస్కోపు దగ్గర్నుంచి తలెత్తింది. "కణితి మరీ చిన్నదైతే మొదటిసారి సూదితోనే మొత్తం వచ్చేసి ఉండొచ్చు. లేదా ఈసారి సూది పక్కన దిగి ఉండొచ్చు. లేదా..." అని నావైపు చూసి ఆగిపోయింది.

"లేదా దేవుడు!" అంది అక్క.

డాక్టరమ్మ చెప్పబోయింది అది కాదని నాకు తెలుసు. లేదా ల్యాబులోనే ముక్కలు తారుమారై ఉండొచ్చని. అక్కకు నా బిస్కెట్ల డబ్బా ఇచ్చి, బయట బెంచీ మీద కూర్చోమన్నాను.

మా ల్యాబులో నాకో పేరుంది. నా హస్తవాసి మంచిదట. నేను కోసిన ముక్కల్లో ఎప్పుడూ మంచే తేలుతుందట. పిచ్చి నమ్మకమని వెక్కిరిస్తాను గానీ, ఎవరైనా ఆ మాటంటే లోపల పొంగిపోతాను. అక్క కూడా మొదటిసారి ముక్క తీసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నువ్వే కొయ్యాలే, ఇంకెవరికీ ఇవ్వకు" అంది.

నా పని పెద్ద విద్యేం కాదు. మైనంలో బిగించిన ముక్కను బ్లాకు అంటాం. దాన్ని మిషను మీద ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజు స్లైడు మీదికి ఎత్తుకుంటాను. బ్లాకులు ఒక ట్రేలో వరసగా ఉంటాయి. పెన్సిలుతో అవే నంబర్లు రాసిన స్లైడ్లు పక్క ట్రేలో అదే వరసలో ఉంటాయి. ఎత్తే ముందు రెండు నంబర్లూ ఒకటేనా కాదా అని చూసుకోవాలి. అంతే.

అక్కది నలభై ఏడు. ఆ రోజు మొదట కోయాల్సింది నలభై మూడు. నాకు ఆత్రం ఆగలేదు. నలభై మూడో బ్లాకును తీసుకెళ్ళి అక్కదాని చోట పెట్టి, అక్కదాన్ని ముందుకు తెచ్చాను. అంతవరకూ బాగానే గుర్తుంది. మరి స్లైడ్లు? వాటిని కూడా అటూఇటూ మార్చానా? మార్చే ఉంటాను. ఇరవై ఏళ్ళ చెయ్యి కదా, మార్చకుండా ఉంటుందా! కానీ ఎంత తల బాదుకున్నా అదొక్కటే గుర్తుకు రాదే. ఆ రోజు నా కళ్ళనిండా నీళ్ళే.

మార్చకపోతే అక్క స్లైడు మీదికి నలభై మూడో ముక్క, ఆవిడ స్లైడు మీదికి అక్క ముక్క ఎక్కినట్టే. క్యాన్సర్ తేలిన ఆ ముక్క ఎవరిది? నాకు తేలాల్సింది అదొక్కటే.

బ్లాకులను పారేయం, ఏళ్ళ తరబడి సొరుగుల్లో దాస్తాం. డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ముందు మీ అక్కది కొయ్యి" అంది. కోశాను. రంగు వేశాను. ఏమీ లేదు. ఇంకాస్త లోతుకు కోయమంది. అక్కడా ఏమీ లేదు.

"జబ్బు మొదటి పొరల్లోనే ఉండి, అవి అప్పుడే అయిపోయాయేమో" అంది డాక్టరమ్మ. ఆ మాటను పట్టుకుని కాసేపు వేలాడాను. తర్వాత, ఎవరితో చెప్పుకున్నా సిగ్గుచేటు, దేవుణ్ణి పట్టుకున్నాను.

ఎందుకంటే, ఇది అద్భుతమైతే అందరూ క్షేమం. అక్క క్షేమం, నలభై మూడు క్షేమం, నేనూ క్షేమం. అద్భుతం కాకపోతే, ఎవరో ఒకావిడ ఒంట్లో జబ్బు పెట్టుకుని, చేతిలో మంచి రిపోర్టు పట్టుకుని ఐదు వారాలుగా తిరుగుతోంది. అలా తిప్పింది నేను. "దేవుడా, ఇది నువ్వే చేసుండాలి. ఇన్నాళ్ళూ నిన్ను వెక్కిరించినందుకు ముక్కు నేలకు రాస్తాను" అని గొణుక్కుంటూ నలభై మూడో బ్లాకును మిషనుకు బిగించాను. నమ్మనిదాన్ని నేను బతిమాలుకుంటున్నాను, నమ్మే అక్క బయట హాయిగా బిస్కెట్లు నములుతోంది. నాకే నవ్వొచ్చింది. కోసి, రంగు వేసి, స్లైడు డాక్టరమ్మ ముందు పెట్టాను.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు మీ అక్కదని నేను చూసింది దీన్నే" అంది.

బయటికెళ్ళి అక్క పక్కన కూలబడ్డాను. దాచకుండా చెప్పేశాను.

"అంటే నాకసలు ఏమీ లేదా? మరి ఇన్ని రోజుల నా ఏడుపంతా ఉత్తదేనా?" అంది అక్క. చెంప పగలగొడుతుందనుకున్నాను, పగలగొడితే బాగుండుననుకున్నాను. అక్క బిస్కెట్ల డబ్బా మూత పెట్టి, "ఇంకోసారి పరీక్ష చేస్తేగానీ ఒప్పుకోనన్నాను కదా. ఆ మాట నాచేత ఎవరు అనిపించారే?" అంది.

"మొండితనం నీకు పుట్టుకతోనే వచ్చింది."

"వచ్చింది సరే. నేను మొండికెయ్యకుండా సోమవారం కోయించేసుకుంటే, ఆవిడ సంగతి మీకెవరికైనా తెలిసేదా?"

తెలిసేది కాదు. కోసినదాంట్లో ఏమీ లేకపోయినా, సూదితోనే వచ్చేసిందనుకుని ఏ బ్లాకూ మళ్ళీ తీసేవాళ్ళం కాదు. అలాగని ఆ మాట దేవుడే అనిపించాడని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అక్కను కాపాడటానికీ, ఆవిడను కనిపెట్టడానికీ దేవుడికి నా తప్పే దొరికిందా? ఏమో, నా బుర్ర పనిచేయడం లేదు.

ఇద్దరం లోపలికొచ్చేసరికి, "ఆవిడతో నేను మాట్లాడతాను" అని డాక్టరమ్మ ఫోను అందుకోబోయింది.

"తప్పు చేసింది నా చెయ్యి. నేనే చేస్తానండీ."

"అయితే జబ్బు మాట ఫోనులో ఎత్తకు. రమ్మని మాత్రం చెప్పు."

రిజిస్టరులో నంబరు చూసి చేశాను. అవతల కుట్టుమిషను చప్పుడు. "హలో" అంది ఒక ఆడగొంతు. ల్యాబు నుంచని చెప్పాను.

"అయ్యో, మీరా! ఆ రోజు నేను వణికిపోతుంటే మంచినీళ్ళిచ్చి, రిపోర్టు చేతిలో పెట్టింది మీరే కదండీ? ఇంటిల్లిపాదీ మొక్కుకున్నాం, దేవుడు చల్లగా చూశాడు. అందరికీ చెబుతున్నాను, ఆ అమ్మాయి హస్తవాసి అలాంటిదీ అని. వచ్చే వారం మా చెల్లెలికి పరీక్ష ఉంది. మీరే కొయ్యాలి, సరేనా?"

పక్కనే కూర్చున్న అక్క నా రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీరొకసారి రావాలండీ" అన్నాను.

మిషను ఆగింది. "ఎందుకండీ? మంచి మాటేనా?"

మంచిదో చెడ్డదో నాకే తెలియడం లేదు. "ఇవాళే రండి. నేనిక్కడే ఉంటాను" అన్నాను.