కోతకు ముందు నిమిషం

మత్తు డాక్టరమ్మకు ఆ ఆపరేషన్ థియేటర్లో ‘ఆగండమ్మ’ అని పేరు పడిపోయింది. పెట్టింది ఇంకెవరో కాదు, పెద్ద సర్జన్ గారే. పోయిన వారం ఆయన కత్తి పెట్టబోతుంటే, “ఆగండి సార్, వైపు సరిగ్గా చూశారా?” అందావిడ. చూస్తే వైపు సరిగ్గానే ఉంది. ఇంకేముంది! టీ గది నుంచి లిఫ్టు దాకా అదే వేళాకోళం. పైకి నవ్వేసిందిగానీ లోలోపల సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

ఇవాళ బల్ల మీదున్నది ఒక లారీ డ్రైవరు. ఒక కిడ్నీలో క్యాన్సర్ గడ్డ. దాన్ని తీసేస్తే రెండోదానితో నిక్షేపంగా బతకొచ్చు. మత్తిచ్చే ముందు అడిగితే ఎడమ పక్క తడిమి చూపించాడు. “పంక్చరైంది ఇదేనమ్మా. స్టెప్నీ మీద మాత్రం చెయ్యెయ్యకండి, దాంతోనే ఇల్లు చేరాలి,” అన్నాడు నవ్వుతూ.

అతని గొంతులోకి గొట్టం వేసి, మందులు సరిచేసుకుని ఆమె తలెత్తేసరికి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టేశారు. కుడి పక్క పైకొచ్చింది. ఏ వైపు కొయ్యాలో చర్మం మీద పెట్టిన గుర్తు బట్టల కిందికి పోయింది. లైటు పెట్టె మీద సర్జన్ గారు స్వయంగా తగిలించిన స్కాన్ ఫిల్ము ప్రకారం గడ్డ కుడి వైపే ఉంది. మనిషి పొరబడ్డాడా, ఫిల్ము పొరబడిందా?

కోతకు ముందు అందరూ చేతులాపి సరిచూసుకోవాలని నియమం. ఆ నియమం నడిచే తీరు అక్కడే చూడాలి! “పేషెంటు కరెక్టేనా? ఆపరేషన్ కరెక్టేనా? వైపు కరెక్టేనా?” అని నర్సు గడగడా అడుగుతుంది. ఎవరి పనిలో వాళ్ళుంటూనే మిగతావాళ్ళు “ఆఁ” అంటారు.

“మీరేమంటారు మేడమ్?” అంది నర్సు.

“ఆవిడేమంటుంది? ఆగమంటుంది!” అన్నాడు సర్జన్. అందరూ పకపకా నవ్వారు.

నవ్వితే నవ్వారు, సొమ్మేం పోయిందని మనం తీరిగ్గా అనుకోవచ్చు. ఆ క్షణాన ఆమెకు మాత్రం ఇంకోసారి నవ్వులపాలు కావడం చావుకంటే ఎక్కువనిపించింది. తనూ వాళ్ళతోపాటు నవ్వింది. “కానివ్వండి సార్,” అంది.

కిడ్నీ బయటికొచ్చింది. గడ్డను కళ్ళారా చూసుకోందే సర్జన్ గారికి తోచదు. ట్రేలో పెట్టి నిలువునా రెండు చీలికలు చేశాడు. లోపల గడ్డ లేదు, చిన్న మచ్చయినా లేదు. ఆయన వెళ్ళి ఫిల్ము తీసి, తిరగేసి పెట్టాడు. గడ్డ ఎడమ వైపుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు!

“నీకు తెలిస్తే చెప్పొద్దూ!” అని ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఆమెకు కోపం కూడా రాలేదు. చెప్పాల్సింది, అంతే.

తలుపు బయట డ్రైవరు భార్య కాచుకుని ఉంది. డాక్టరమ్మను చూడగానే పరుగున వచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది.

“తీసేశారటగా అమ్మా! ఇంక పీడ వదిలినట్టేగా? మిగిలింది మంచిదేగా?”

“కాదమ్మా,” అంది డాక్టరమ్మ. “మంచిది తీసేశాం.”