ఇద్దరమ్మలు

“కళ్ళున్నాయా నీకు? ఈ అంచు చూడు, పాము పాకినట్టుంది!” అంది అత్త, మగ్గం మీది గుడ్డని వేలితో లాగి.

ముయాల్ ఒక కొస గుంజకీ, ఇంకో కొస తన నడుముకీ కట్టిన మగ్గం పట్టీ బిగించుకుని మళ్ళీ పోగులు సర్దింది. ఈ కళ్ళ కోసమే కదా తనని ఏరికోరి తెచ్చుకున్నారు! చదునైన నుదురు, ముక్కు వైపు తిరిగిన కనుపాపలు, ఆ ఊళ్ళో అదే అందం. అత్తవీ అలాంటి కళ్ళే, ఊరంతా చెప్పుకునేవి. “నిన్ను చూశాక ఇంకెవర్నీ చూడబుద్ధి కాలేదు” అన్నాడు పెళ్ళినాడు మొగుడు. అప్పుడు తనకి ఇద్దరు మొగుళ్ళు కనిపించారనీ, ఎవర్ని చూసి నవ్వాలో తెలీక తల దించుకుందనీ ఆయనకేం తెలుసు! సిగ్గనుకుని మురిసిపోయాడు. ఆనాటి నుంచీ అంతే. నీళ్ళు ఒలికితే పరధ్యానం, గడప తన్నుకుంటే పొగరు, నేత వంకరపోతే ఒళ్ళు బద్ధకం. ఒక కన్ను మూస్తే అన్నీ ఒక్కటవుతాయి గానీ, అలా కన్ను మూసి తిరిగే ఆడదాన్ని జనం బతకనిస్తారా? నోరు విప్పితే, లోపమున్న పిల్లని అంటగట్టారని పుట్టింటికి తరిమేస్తారు. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

ఇప్పుడు కూతురు నిక్ వంతు. పిల్ల ముంగురులకి గుగ్గిలం పూస కట్టి, చూపు ముక్కు వైపు తిరిగేలా కనుబొమల మధ్యకి వేలాడదీసింది అత్తే. “దీని చూపు నీకంటే బాగా తిరుగుతోందే!” అని సంబరపడుతోంది. ఆ మాట విన్నప్పుడల్లా ముయాల్‌కి ఆ పూస పీకి పారెయ్యాలనిపిస్తుంది.

అత్త నీళ్ళకి వెళ్ళింది. పొయ్యి పక్కన ఆకులో చుట్టిన మొక్కజొన్న ముద్ద ఉంది. “తినమ్మా” అంది ముయాల్ మగ్గం దగ్గర్నుంచే. నిక్ చెయ్యి చాపింది. ముద్ద మీదికి కాదు, దాని పక్కనున్న నిప్పుల మీదికి.

ముయాల్ ఒక్క గెంతు గెంతింది. గుంజకి కట్టిన మగ్గం నడుం పట్టుకుని వెనక్కి లాగింది. పోగులు పటపటా తెగాయి. ఎలాగో పిల్ల చెయ్యి అందుకునేసరికి వేళ్ళ కొసలు కందిపోయి ఉన్నాయి.

“రెండున్నాయిగా! నేను ఇటుపక్కది తీసుకున్నా” అని ఏడ్చింది నిక్. తల్లి మొహం కోసం గాల్లో తడుముతూ, “నువ్వు కూడా ఇద్దరున్నావు. ఏ అమ్మ దగ్గరికి రావాలి?” అంది.

పూస తీసేస్తే చూపు సరిపడుతుందో లేదో తెలీదు. రేపు ఈ పిల్లని ఎవరు చేసుకుంటారో అంతకన్నా తెలీదు. అయినా ముయాల్ నల్లరాతి కత్తి తీసి ఆ ముంగురులు కోసేసింది.

అత్త కడవ దించుతూనే పిల్లని చూసింది. “పూస ఏదే?”

ఎలుక కొరికిందన్న అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.

“నేనే కోశాను అత్తయ్యా. పిల్లకి అన్నీ రెండేసి కనిపిస్తున్నాయి. నాకూ అంతే, చిన్నప్పట్నుంచీ. ఇప్పుడు మీరూ ఇద్దరున్నారు.”

అత్త చెయ్యి లేచింది. ముయాల్ పిల్లని పొదువుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడలేదు. ఆ తడి చెయ్యి వచ్చి ఆమె నోరు మూసింది.

“మెల్లిగా మాట్లాడవే” అంది అత్త, వాకిలి వైపు చూస్తూ. “నాకూ అలాగే కనిపిస్తుందని మీ మావకి ఇంతవరకూ తెలీదు.”