కామయ్య నిద్ర

శ్రీదివ్య చెన్నైలో నిద్ర గురించి చదువుతోందంటే ఆత్మకూరు బజారులో నవ్వనివాళ్లు లేరు. "నిద్రపోయేదానికి కూడా చదువు కావాల్నా రంగనాథం?" అని ఆమె తండ్రిని ఆటపట్టించేవాళ్లు. ఊపిరితిత్తుల వైద్యంలో ఎండీ అయ్యాక ఆ అమ్మాయి ఒక పెద్దాసుపత్రిలో స్లీప్ మెడిసిన్ ఫెలోషిప్‌లో చేరింది. నిద్ర పట్టనివాళ్లకీ, నిద్రలో లేచి నడిచేవాళ్లకీ, నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకీ వైద్యం చేయడం అక్కడ నేర్పుతారు. కిరాణా హోల్‌సేల్ కొట్టు నడిపే రంగనాథానికి అదంతా అంతుపట్టేది కాదు. అయినా తగ్గేవాడు కాదు. "మా పాప నేర్చుకునేది గురక వైద్యం రా, ముందర నీకే కావాల" అని తిప్పికొట్టేవాడు.

వేసవిలో సెలవుకి వచ్చినప్పుడు, ఉదయగిరిలో పిన్నమ్మను చూసి రావాలని శ్రీదివ్య సరుకుతో పోయే కొట్టు వ్యాను ఎక్కింది. ఆమె బడికి పోయే రోజుల నుంచీ ఆ ఇంటి బండి తోలేది కామయ్యే. పొట్టి మెడ, భారీ ఒళ్లు, నోటి నిండా మాట. మర్రిపాడు వచ్చేదాకా ఈసారి సర్పంచి ఎన్నికల్లో ఎవరు ఎవరికి ఎట్టా దెబ్బ కొట్టారో చెప్తూనే ఉన్నాడు. ఆ తర్వాత మాట సన్నగిల్లింది. శ్రీదివ్య కిటికీలోంచి బీడు భూములు చూస్తూ ఉండగా చక్రాలు తారు దిగి కంకర మీద గరగరలాడాయి. తల తిప్పి చూస్తే కామయ్య గడ్డం గుండెల మీదికి వాలి ఉంది.

"మామా!"

ఆ అరుపుకి అతను ఉలిక్కిపడి స్టీరింగ్ లాగాడు. వ్యాను కంపచెట్లను రాసుకుంటూ మళ్లీ రోడ్డెక్కింది.

"ఎండ పాపా. కళ్లు బైర్లు కమ్మినాయి."

"ఎండ కాదు మామా. నిద్రపోయినావు."

"చాల్లే. ఇన్నేళ్లుగా తోల్తా ఉండా, బండికి ఒక్క గీత పడిందా?"

ఉదయగిరిలో ఒక కిరాణా కొట్టు ముందర హమాలీలు సరుకు దించుతుంటే కామయ్య ఆ వసారాలో బియ్యం మూటకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురక. "అన్న మిల్లు ఆడిచ్చినాడు రా" అని ఒక హమాలీ నవ్వాడు. శ్రీదివ్యకు నవ్వు రాలేదు. గురక పెరిగి పెరిగి ఉన్నట్టుండి తెగిపోయింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది గానీ ముక్కులో గాలి లేదు. మొహం కమిలింది. నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి పెద్దగా ఊపిరి లాగి, కళ్లు తెరవకుండానే మళ్లీ గురక మొదలుపెట్టాడు. చెన్నైలో ఈ జబ్బును ఆమె కంప్యూటర్ తెర మీద గీతలుగా చూసేది. ఇక్కడ తీగలూ లేవు, తెరా లేదు. తనను భుజాల మీద ఎక్కించుకుని తిరనాళ్లు చూపించిన మనిషి కళ్లముందే ఊపిరాడక కొట్టుకుంటున్నాడు.

లేపి, టీ తాగించి, నిదానంగా చెప్పింది. "నిద్రలో నీ గొంతు మూసుకుపోతా ఉండాది మామా. ఊపిరి కోసం ఒళ్లు మాటిమాటికీ మేలుకుంటాది. అందుకే పగలు తూగుతా ఉండావు. దీనికి ముక్కులోకి గాలి ఊదే మిషన్ ఉండాది, తగ్గుతాది. అందాకా బండి ఎక్కబాక."

"బండి ఎక్కకుంటే నేనేం జేయాల? నాకు ఇంకో పని వచ్చునా?" అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నాయనకి చెప్పబాక పాపా. నీకు దణ్ణం పెడతా."

ఆమె చెయ్యి విడిపించుకుని లేచింది. పిన్నమ్మ ఇంట్లో పెరట్లో నిలబడి, ఫెలోషిప్‌లో తనకు పాఠం చెప్పే డాక్టర్ సుకన్యకు ఫోన్ చేసింది.

"అతనికి చెప్పావు, మంచిది. అతను ఒప్పుకోకుండా యజమానికి చెప్పకూడదు," అంది సుకన్య. "కానీ రేపు రోడ్డు మీద ఎవరికన్నా ఏదన్నా అయితే అనే భయం నాకూ ఉంది. ఏం చేయమని చెప్పను శ్రీదివ్యా?" అంది.

తిరుగు దారిలో, బండి ఎక్కొద్దన్న కోపంతో కామయ్య కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

ఇంటికి రాగానే ఆమె తండ్రికి చెప్పేసింది. రంగనాథం చెడ్డవాడు కాదు. "రేపట్నుంచి గోడౌన్లో కూర్చో కామయ్యా. జీతం ఎక్కడికీ పోదు," అన్నాడు. మేలు చేశాననే అనుకున్నాడు. కామయ్య తాళంచెవి గల్లాపెట్టె మీద పెట్టి, శ్రీదివ్య వంక ఒక్కసారి చూసి, మెట్లు దిగిపోయాడు.

సెలవు ముగిసి చెన్నై పోయాక, ఎవరో రోగి వాళ్లు తిరిగిచ్చిన పాత మిషన్‌ను సుకన్య బాగు చేయించి, కొత్త మాస్కు పెట్టి ఇచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని శ్రీదివ్య బస్సులో ఆత్మకూరు వచ్చింది. గోడౌన్లో కామయ్య లేడు.

"ఆడ కూర్చోబెడితే అందరూ గురక కామయ్యా అని ఎగతాళి చేసినారంట. మానుకున్నాడు," అంది తల్లి నాగేశ్వరమ్మ. "ఇప్పుడు బద్వేలు దోవలో కంకర లారీ తోల్తా ఉండాడు."

చిన్న వ్యాను దింపితే పెద్ద లారీ ఎక్కాడు. శ్రీదివ్య అట్టాగే మంచం మీద కూలబడింది.

మర్నాడు అతని ఇంటికి పోయింది. పాత కోపం పైకి చూపించకుండా కామయ్య మాస్కు తగిలించుకుని పడుకున్నాడు. కాసేపటికే పీకేశాడు.

"మొహం మీద దిండు పెట్టి అదిమినట్టుండాది పాపా."

"కొన్నాళ్లు ఓర్చుకో మామా, అలవాటైపోతాది."

"సరే, ఓర్చుకుంటా. నేను పడుకునేది లారీలో. ఆడ కరెంటు యాడుండాది?"

మాస్కు కొలతలు, గాలి ఎంత ఒత్తిడితో పంపాలి, అన్నీ ఆమె నేర్చుకుంది, లారీలో కరెంటు సంగతి ఎవరూ నేర్పలేదు. చివరికి లారీ యజమాని సుధీర్ దగ్గరికి మర్రిపాడు పోయింది. అతను మర్యాదగానే కుర్చీ వేయించి, కామయ్య జబ్బు సంగతంతా విన్నాడు.

"నిద్ర రాని డ్రైవరు యాడన్నా ఉండాడా మేడమ్? మీరు చెప్పినారని తీసేస్తా. పోయి ఇంకొకరి లారీ ఎక్కుతాడు. అప్పుడు ఎవరికి చెప్తారు?"

"వద్దులెండి, తీసేయొద్దు," అని తన నోటితో తనే చెప్పి వచ్చింది. వచ్చే దారంతా ఆ మాట ఆమెను తొలుస్తూనే ఉంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం కామయ్య భార్య పెంచలమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. లారీ రోడ్డు దాటుతున్న గొర్రెల మందలోకి దూసుకుపోయింది. శ్రీదివ్య నెల్లూరు ఆసుపత్రికి వచ్చేసరికి కామయ్య కాలికి కట్టు కట్టి ఉంది. గొర్రెలు కాసే ముసలాయన పక్క వార్డులో, నడుము విరిగి పడి ఉన్నాడు.

"బ్రేకు పడలా పాపా," అన్నాడు కామయ్య, గోడ వైపు చూస్తూ. పోలీసులకూ అదే చెప్పాడు. సుధీరూ అదే చెప్పాడు.

వరండాలో పెంచలమ్మ ఆమె పక్కన కూర్చుంది. "నువ్వు నాయనకి చెప్పకుండా ఉంటే ఆ చిన్న బండే తోలుకుంటా ఉండేవాడు గదా," అంది. గొంతులో కోపం లేదు. అందుకే శ్రీదివ్య తట్టుకోలేకపోయింది. చెప్పకుంటే ఆ చిన్న బండి కింద ఎవరు పడేవాళ్లో అనబోయి, లేచి పక్క వార్డు వైపు నడిచింది.

అక్కడ ముసలాయన భార్య ఆమె డాక్టరని విని దగ్గరికొచ్చింది. "అమ్మా, మా ఆయన లేచి నడస్తాడా?"

నడవడని ఆమెకు తెలుసు. "పెద్ద డాక్టరు చెప్తారు పెద్దమ్మా," అని తప్పుకుంది.

ఫెలోషిప్ ముగిసింది. శ్రీదివ్య పరీక్ష బాగానే పాసై నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేరింది. కాంట్రాక్టర్లు, ఆఫీసర్లు వచ్చేవాళ్లు, ఎక్కువమందిని భార్యలే గురక భరించలేక తీసుకొచ్చేవాళ్లు. డ్రైవర్లు మాత్రం ఒక్కరూ రాలేదు.

నాట్ల కాలంలో ఒకరోజు ఆత్మకూరు పోతుంటే బస్సు సంగం దగ్గర చెడిపోయింది. దిగి నిలబడితే ఒక ఆటో వచ్చి ముందర ఆగింది.

"పాపా! ఎక్కు. ఆత్మకూరుకే."

కామయ్య. మనిషి ఇంకా లావయ్యాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కేసు నడుస్తూనే ఉందట, లారీ ఎవరూ ఇవ్వలేదట, అందుకని ఆటో. వెనక నాట్లకు పోయివచ్చే ఆడవాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు, చీర అంచులు బురదతో తడిసి.

"ఆ మిషన్ వాడతా ఉండావా మామా?"

"అటక మీద భద్రంగా ఉండాది పాపా."

ఎక్కనని చెప్పి ఇంకో బస్సు కోసం నిలబడొచ్చు. కానీ వాళ్లంతా దిగరు. ఏమని చెప్పి దింపుతుంది వాళ్లను? "రామ్మా, సర్దుకుందాం" అని రెబెకమ్మ అనే ఆవిడ జరిగి చోటిచ్చింది. శ్రీదివ్య కామయ్య వెనకే కూర్చుంది.

కాలవ గట్టు మీదికి వచ్చేసరికి అతని తల కొంచెం ముందుకు ఒరిగింది.

"మామా, ఈసారి సోమశిలలో నీళ్లెట్టా ఉండాయి?" అంది గట్టిగా.

చెప్పాడు. అది అయిపోగానే వడ్ల ధర అడిగింది. తర్వాత టైర్ల గురించి, తర్వాత ఎవరి పెళ్లి ఎక్కడ అయిందని. అతను చెప్తూ ఉంటే వెనక నుంచి అతని మెడనే చూస్తూ, అది కదిలినప్పుడల్లా ఇంకో మాట వెతుక్కుంది. గొంతు ఎండిపోయింది.

"ఏందమ్మా, నీ నోరు మూతపడదా?" అని రెబెకమ్మ నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు.

శ్రీదివ్య కూడా నవ్వింది, మళ్లీ మాట అందుకుంది. ఆత్మకూరు బస్టాండులో దిగి కొంగుతో మొహం తుడుచుకుంటుండగానే, సంగం పోయేవాళ్లు పరుగున వచ్చి ఆటో నిండా ఎక్కారు. కామయ్య ఆమెకు చెయ్యి ఊపి, ఆవులించి, ఆటో తిప్పుకున్నాడు.