మూడో డెక్కు తలుపు

డండీ ఊళ్ళో ఒకప్పటి జనపనార మిల్లు రెండో అంతస్తులో డూగల్ పీట్రీకి ఓ కుర్చీ ఇచ్చారు. కూర్చుంటే మూలుగుతుంది, లేస్తే మూలుగుతుంది. ఉద్యోగం పేరు సలహాదారు. అడిగితే సలహా చెప్పాలి, అడక్కపోతే టీ కాచుకోవచ్చు. మొదటి రెండు వారాలూ టీయే కాచాడు.

ఇరవై ఏడేళ్ళ కిందట వచ్చిన 'ఐదో కక్ష్య' అనే మూడు అంతరిక్షం వీడియో ఆటల్ని ఇప్పటి మెషీన్ల మీద ఆడేలా మళ్ళీ తీర్చిదిద్దుతున్నారక్కడ. మొదటి ఆటని అప్పట్లో అయిదుగురు రాశారు. ఇద్దరు బ్యాంకుల్లో చేరిపోయారు, ఒకాయన కుక్కల్ని పెంచుకుంటున్నాడు, ఒకాయన పోయాడు. పదహారేళ్ళకే బడి మానేసిన డూగల్ మాత్రం, చేరిన కంపెనీ చేరినట్టే మూతపడుతుంటే, చివరికి ఆఫీసుల్లో ప్రింటర్లు బాగుచేస్తూ మిగిలాడు. పట్టాలున్నవాళ్ళు ఆ ప్రింటర్లని పాడుచేస్తుండబట్టే అతనికింత తిండి దొరికింది.

అయినా అతనికో తలుపుంది. మొదటి ఆటలోని అంతరిక్ష ఓడలో, మూడో డెక్కులో, అంటే మూడో అంతస్తులో, గాలిగది తలుపు. ఆడేవాడు మీట నొక్కగానే దీపాలు ఆరిపోతాయి. తలుపు తెరుచుకోదు. నుంచోవాలి. ఎంతసేపో తెలీదు. తెరుచుకున్నాక ఒక్కోసారి లోపల ఎవరూ ఉండరు. ఒక్కోసారి మీదపడే బూడిదరంగు జంతువొకటి ఉంటుంది. ఆ ఆట ఆడిన ప్రతివాడికీ ఆ తలుపు గుర్తు. "కావాలనే ఆపాను. భయం ఉండేది ఎదురుచూడ్డంలోనే," అని డూగల్ ఆనాటినుంచి పత్రికలవాళ్ళకి చెబుతూనే ఉన్నాడు. మీటింగుల్లో చెప్పాడు, పబ్బులో చెప్పాడు, పళ్ళ డాక్టరు నోట్లోంచి చెయ్యి తీసినప్పుడల్లా చెప్పాడు.

కొత్త మెషీను మీద ఆ తలుపు రెప్పపాటులో తెరుచుకుంది.

"ఇదేంటి, సూపర్ బజార్ తలుపులా!" అన్నాడు స్ట్రూవన్. ఆటల్ని ఆడి తప్పులు పట్టడం అతని పని. నలభై దగ్గరపడ్డ మనిషి, భోజనానికి రోజూ మాంసం కూరిన బ్రైడీలు రెండు తింటాడు.

జట్టుకి పెద్ద ఐలీ. చురుకైన పిల్ల, నోరు అంతకంటే చురుకు. "సర్లే, మనమే ఆపుదాం. ఎన్ని సెకన్లు పెట్టారు డూగల్, అప్పట్లో?"

"రెండు ముప్పావు," అన్నాడు డూగల్ తడుముకోకుండా. అంకె పక్కన ముప్పావుంటే జనం నమ్ముతారని అతని అనుభవం.

రెండు ముప్పావు పెట్టారు. దీపాలు ఆరాయి, తలుపు ఆగింది, తెరుచుకుంది, బూడిదరంగుది అరిచింది. స్ట్రూవన్ బ్రైడీ నమిలాడు.

"భయం వేసిందా?" అంది ఐలీ.

"ఉప్పు కాస్త ఎక్కువైంది."

"నాయనా, తలుపు సంగతి అడుగుతోంది," అన్నాడు డూగల్.

"తలుపుకేం, బంగారంలా ఉంది పెద్దాయనా. చెప్పిన టైముకి వస్తోంది. మన ఊరి బస్సులకి దీన్ని చూపించాలి."

డూగల్ నాలుగన్నాడు. నాలుగు పెట్టారు. ఆరన్నాడు, ఆరు పెట్టారు. ఆరో సెకను వచ్చేసరికి స్ట్రూవన్ ఫోను చూసుకుంటున్నాడు.

శుక్రవారం ప్రచురణ కంపెనీ మనిషి పియర్స్ లండన్ నుంచి వస్తున్నాడు. తలుపుకి ప్రాణం రాకపోతే అది తీసేసి, ఆ చోట అరనిమిషం సినిమా ముక్క పెట్టిస్తానని ముందే ఉత్తరం రాశాడు. బూడిదరంగుది గోడ పగలగొట్టుకుని వస్తుందట, వెనక వయొలిన్లట.

"నాకది ఇష్టం లేదు డూగల్. కానీ అతనికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలిగా? అసలు ఎలా చేశారో సరిగ్గా చెప్పండి," అంది ఐలీ గురువారం పొద్దున.

"అది లెక్కలకి అందేది కాదు తల్లీ. చేతిలో ఉంటుంది."

"ఆ చెయ్యి ఇప్పుడెక్కడ పెట్టారు?" అన్నాడు స్ట్రూవన్.

డూగల్ టీ కాయడానికి వెళ్ళాడు. కెటిల్ ముందు నుంచున్నాడేగాని మీట నొక్కలేదు. నిజం అతనికి తెలుసు. ఆ తలుపుని అతను ఆపలేదు. దాన్ని త్వరగా తెరవడం అతనికి చేతకాలేదు. పాత మెషీను అవతలి గది బొమ్మల కోసం డిస్కుని గర్రుమని గీసుకుంటూ తిప్పి తిప్పి వెతుక్కునేది. ఆ గీసుకోవడం వినలేక డూగల్ మూడు వారాలు తల బద్దలుకొట్టుకున్నాడు. ఆటని బజార్లో పెట్టాల్సిన రోజు వచ్చేసింది. కదలని తలుపు కనపడకుండా దీపాలు ఆర్పి వదిలేశాడు. తర్వాత ఓ పత్రికవాడు 'మేధావి' అని రాశాడు. జన్మలో ఒక్కసారి అన్నారా మాట. కాదని ఎలా అంటాడు?

కప్పుల కోసం స్ట్రూవన్ వచ్చాడు. "బెంగపడకు పెద్దాయనా. చిన్నప్పుడు నాకా తలుపంటే చచ్చేంత భయం తెలుసా. మెషీను మీద చెయ్యి వేసి కూచునేవాణ్ణి. లోపల గర్రుగర్రుమని ఎక్కువసేపు తిరిగితే అది వచ్చేస్తోందని అర్థం. వెంటనే రిమోట్ మా చెల్లికిచ్చి దొడ్డికి పోయేవాణ్ణి."

డూగల్ కెటిల్ సంగతి మర్చిపోయాడు. నిజమే. ఖాళీ గదికి బొమ్మలు తక్కువ. బూడిదరంగుదానికి బొమ్మలు ఎక్కువ. అది ఉన్నప్పుడే డిస్కు ఎక్కువసేపు తిరిగేది. లోపల ఏముందో మెషీను ముందే చెప్పేస్తోంది. డూగల్ చెప్పిన ముప్పావులన్నింట్లో లేనిది అదే.

అది చెప్పాలంటే మొత్తం చెప్పాలి. చెప్పకపోతే రేపటికి వయొలిన్లు వచ్చేస్తాయి.

తిరిగొచ్చి ఐలీ ముందు నుంచున్నాడు. చేతిలో టీ కూడా లేదు.

"నేను ఆపలేదమ్మా," అన్నాడు. "అది పాడైపోయింది. నాకు బాగుచెయ్యడం రాలేదు." తర్వాత డిస్కు సంగతంతా చెప్పాడు, మొహం కిటికీ వైపు పెట్టుకుని.

ఐలీ నోరు తెరిచేలోపే స్ట్రూవన్ అందుకున్నాడు. "ఇరవై ఏడేళ్ళు! నీ సంతకం చేయించుకున్న చొక్కా మా ఇంట్లో అద్దం కట్టించి పెట్టుకున్నాను పెద్దాయనా!"

"ఉతుక్కుని తొడుక్కో," అన్నాడు డూగల్.

"ఊరుకో స్ట్రూవన్," అంది ఐలీ. నవ్వు ఆపుకోలేక బల్లమీద తల వాల్చేసింది. లేచాక మాత్రం కీబోర్డు దగ్గరకి లాక్కుంది. "గది ఖాళీ అయితే ఒకటి నుంచి మూడు సెకన్లు. అది ఉంటే మూడు నుంచి ఎనిమిది, ఏ రెండుసార్లూ ఒకలా రాకూడదు. ఆ గీసుకునే చప్పుడు ఓడ గోడల్లోంచి రావాలి. చప్పుడెలా ఉండేది?"

డూగల్ నోటితో చేసి చూపించాడు. దాన్నే రికార్డు చేసుకున్నారు.

సాయంత్రం స్ట్రూవన్ మళ్ళీ ఆడాడు. దీపాలు ఆరాయి. గోడల్లో డూగల్ గొంతు గర్రుమంది, ఆగింది, మళ్ళీ మొదలెట్టింది. ఐదో సెకనుకి స్ట్రూవన్ నమలడం మానేశాడు. ఏడో సెకనుకి రిమోట్ ఐలీ ఒళ్ళో పడేసి లేచిపోయాడు.

శుక్రవారం పియర్స్ ఆడాడు. తలుపు తెరుచుకునేలోపే "అయ్యబాబోయ్" అని కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. చెమట తుడుచుకుని డూగల్ చెయ్యి పట్టుకున్నాడు. "సినిమా ముక్క అక్కర్లేదు. ఇలా ఆపాలని మీకెలా తట్టిందండీ?"

ఐలీ, స్ట్రూవన్ ఇద్దరూ డూగల్ వైపే చూస్తున్నారు.

"తట్టలేదండీ," అన్నాడు డూగల్. "అది నా తప్పు. బాగుచెయ్యలేక వదిలేశాను."

పియర్స్ పకపకా నవ్వి అతని భుజం చరిచాడు. "గొప్పవాళ్ళంతా ఇలాగే అంటారు! ఈ మాట ఆట పెట్టెమీద అచ్చు వేయిద్దాం."

"కాదండీ బాబూ, నిజంగా..."

"ఎంత వినయం!"

"దీన్ని నమ్మించాలంటే ఇంకో ఇరవై ఏడేళ్ళు పడుతుంది పెద్దాయనా," అన్నాడు స్ట్రూవన్.

పియర్స్ రైలుకి టైమైందని మెట్లు దిగుతున్నాడు. డూగల్ కోటు కూడా వేసుకోకుండా వెనకాలే దిగాడు. కింద సన్నగా వాన. టాక్సీ కోసం చెయ్యెత్తిన ఆ మనిషి పక్కన నుంచుని, డిస్కు ఎలా తిరిగేదో వేలు గుండ్రంగా తిప్పి మొదట్నించీ చెప్పడం మొదలెట్టాడు.