తాతబ్బాయి మెడ మీద గరగ

నేను ఒక గరగను. గోదావరి వైపు జాతర చూడనివాళ్ళకు నా పేరు కొత్త కావచ్చు. అమ్మవారి పేరు చెప్పి నెత్తిన పెట్టుకుని ఆడే ఇత్తడి కలశాన్ని నేను. వెనక ఐదు పడగల నాగు, ఒళ్ళంతా పసుపూ కుంకుమా, బరువు ఏడు కిలోలు. నన్ను చేత్తో పట్టుకోకూడదు. తల మీద బట్ట చుట్టకుదురు, దాని మీద నేను, కింద డప్పుల దరువుకు గజ్జెల కాళ్ళు. జనం మెచ్చుకునేది ఆ కాళ్ళనే. అసలు చాకిరీ చేసేది మెడ. దాన్ని ఎవరూ పట్టించుకోరని నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట.

నన్ను పోతపోసిన కంచరి మూడు రోజులు కూర్చుని నా అడుగును ఆకురాయితో సమం చేశాడు. ఒక పక్కకు బరువు లాగితే మోసేవాడి ప్రాణానికి వస్తుందన్నాడు. అంత బాధ్యత తర్వాత ఎవరి దగ్గరా చూడలేదు. ఊరివాళ్ళు తొమ్మిది రోజులు నా ముందు కొబ్బరికాయలు కొట్టి, మిగతా ఏడాదంతా పాత దుప్పట్లో చుట్టి అటకెక్కిస్తారు.

మొదట తాతబ్బాయి తాత నన్ను మోశాడు, తర్వాత తండ్రి, ఇరవై ఏళ్ళుగా తాతబ్బాయి. జాతర లేనప్పుడు అతనిది ఇస్త్రీ బండి. పొద్దస్తమానం మెడ వంచి బొగ్గుల పెట్టె తోస్తాడు. జాతర వస్తే ఆ మెడ మీదే నన్ను నిలబెడతాడు.

నొప్పి సంగతి అతని భార్య మంగకన్నా ముందు నాకే తెలిసింది. కుడివైపు తిరిగినప్పుడల్లా నా కింద మెడ కర్రలా బిగుసుకునేది. మరుసటి ఏడు కళ్ళు తిరగడం మొదలైంది. నేల పడవలా ఊగుతోందని మంగతో చెప్పాడు. బయట అనొద్దని ఆమె బతిమాలింది. గరగ కింద పడితే ఊరికి కీడని, మోసే హక్కు ఆ ఇంటి చేతినుంచి పోతుందని కట్టుబాటు. ఊళ్ళో వాళ్ళకున్న మర్యాదంతా ఆ హక్కే.

ఆ ఏడు జాతర ఆఖరి రోజు, మిట్టమధ్యాహ్నం, జాతర పెద్ద గవర్రాజుగారి అరుగు ముందు తాతబ్బాయి తూలాడు. జనం ఏం చేశారనుకున్నారు? ఒక్కడూ వచ్చి పట్టుకోలేదు. అమ్మ పూనిందని దండాలు పెట్టారు. వేపమండలు తెచ్చారు. కాళ్ళ మీద బిందెలతో పసుపునీళ్ళు కుమ్మరిస్తే నేల జారుడైంది. అతను ఎంత తూలితే డప్పులు అంత జోరుగా మోగాయి. నాకే చేతులుంటే ఆ డప్పులవాళ్ళ వీపుల మీద దరువు వేసేదాన్ని.

గవర్రాజుగారు చేతులు జోడించారు. "పలుకు తల్లీ. మావల్ల ఏం లోపం జరిగింది?"

అమ్మ గొంతు పెట్టి రెండు మాటలు అనేస్తే గండం గడిచిపోతుంది. తాతబ్బాయి రెండు చేతులూ ఎత్తి, పట్టుకోకూడని నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మ కాదండి. నా మెడండి. నొప్పికి కళ్ళు తిరిగిపోతున్నాయండి."

డప్పులు ఆగిపోయాయి. అతను నన్ను పీట మీదికి దించి, పక్కనే చతికిలబడ్డాడు. నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. గవర్రాజుగారు మాత్రం, వచ్చే ఏడు కూడా ఇదే వరస అయితే గరగను వేరే ఇంటికి ఇచ్చేస్తామని తేల్చేశారు.

ఆసుపత్రి సంగతులు మంగ తన అక్కకు చెబుతుంటే అటక మీదనుంచి విన్నాను. డాక్టరు బీపీ చూసి, చెవులు చూసి, ఎక్స్‌రే తీయించి, ఫిజియోథెరపీకి పంపాడట. తల ఎటు తిరిగిందో మెదడుకు చెప్పేవాటిలో మెడ కూడా ఒకటని అక్కడి అమ్మాయి చెప్పిందట. బిగుసుకున్న మెడ ఒకటి చెబితే, కళ్ళూ చెవులూ ఇంకొకటి చెబుతాయి. మెదడు ఎవరి మాట నమ్మాలో తెలియక మనిషిని తూలేలా చేస్తుంది.

మోయడం మానేయమంటే మానేస్తావా అని ఆ అమ్మాయి అడిగిందట. మాననన్నాడట. అయితే మోసే మెడను తయారు చేసుకోమందట.

ఇక ఇంట్లో రోజూ అదే పని. మంగ పెట్టుకునే బొట్టుబిళ్ళ ఒకటి గోడకు అంటించాడు. దాని మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పేవాడు. కళ్ళు మూసుకుని తల పక్కకు తిప్పి, మళ్ళీ సరిగ్గా బొట్టు ఎదుటికి తేవాలి. మొదట్లో జానెడు తప్పేవాడు. ఒంటికాలి మీద నిలబడబోయి మంగ మీద పడేవాడు. ఇస్త్రీ బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచుకున్నాడు. ఆరు నెలలకు ఆ అమ్మాయి సరేనన్నాక ఖాళీ బిందె నెత్తికెత్తాడు. తర్వాత అందులో కొంచెం కొంచెంగా బియ్యం పోసుకుంటూ వెళ్ళాడు. వీధిలో నవ్వనివాళ్ళు లేరు. అతను ఆపితేగా!

మళ్ళీ జాతర వచ్చింది. గవర్రాజుగారి అరుగు ముందు జనం వేపమండలతో సిద్ధంగా ఉన్నారు. తాతబ్బాయి ఆడాడు. కుడివైపు తిరిగాడు, ఎడమవైపు తిరిగాడు, ఒంటికాలి మీద గిర్రున తిరిగి ఆగాడు. నా పడగలు ఇసుమంతైనా కదల్లేదు. ఎవరికీ దండం పెట్టే అవకాశం రాలేదు. వేపమండలు చేతుల్లోనే వడిలిపోయాయి.

గవర్రాజుగారి ముఖం చిన్నబోయింది. "ఈ ఏడు అమ్మ రాలేదురా," అన్నారు.

తాతబ్బాయి మెడ తిన్నగా నిలబెట్టి, నన్ను ముట్టుకోకుండా, ఆయన కళ్ళలోకి చూశాడు.

"అమ్మ సంగతి నాకు తెలవదండి. నేనైతే వచ్చానండి."