అలుకు వాసన

జర దగ్గరికి జరుగుర్రి బిడ్డా. గీ ముచ్చట దూరం నుంచి వినేది గాదు.

కొత్తగూడ దిక్కు ఓ ఊర్లె ఓదెమ్మ ఉండె. పెనిమిటి పోయిన ఏడు ఓ నల్ల కుక్కపిల్ల ఆమె వాకిట్లకొచ్చింది. కర్రోడని పేరువెట్టుకున్నది. చిన్నగున్నప్పుడు ఇల్లంత ఉచ్చ పోసేటోడు. ఓదెమ్మ కొట్టలే, తిట్టలే. తినంగనే, నిద్ర లేవంగనే సంకల ఏసుకొని పోయి ఇంటెనుక తుమ్మచెట్టు కాడ దింపేది. ఆడ పోస్తే నా బంగారమని మెడ నిమిరేది. గట్లనే నేర్చిండు. ఇగ ముసురు వట్టినా సరే, తడుసుకుంట బయటికే పోయేటోడు గని, పెండతోని అలికిన నేల మీద చుక్క పడనియ్యకపోయేటోడు.

కర్రోడు ముసలోడైనంక వానలకు ఇల్లు కూలింది. కొడుకు సదానందం భూపాలపల్లిల బొగ్గుబాయి పని చేస్తడు. ఇద్దర్నీ తన క్వార్టర్‌కు తీస్కపోయిండు. ఆడ అన్ని టైల్సే, ఫినాయిల్ వాసనే. పోయిన దినమే కర్రోడు మంచం కోడు కాడ పోసిండు. తెల్లారి టీవీ కింద.

కోడలు పద్మలత చెడ్డది గాదు. పాకే పసిపిల్ల తల్లి. "కర్రోడు నీ కొడుకు కన్న బుద్ధిమంతుడంటివి గదా అత్తమ్మా" అని ఒక్కమాటన్నది. ఓదెమ్మకు తల కొట్టేసినట్లయింది. ముసలితనంల మొండికేసిండనుకొని చీపురు తిరగేసి కొట్టింది. ఆ కుక్క మీద ఆమె చెయ్యి లేసుడు అదే మొదలు. వాడు అరవలే, చీపురు పట్టిన చేతిని నాకవోయిండు. అప్పటిసంది ఎవ్వలు చూడకుండ తలుపు సందుల పోసుడు షురువైంది.

కాళేశ్వరంల ఇడిసిపెట్టు, దేవునికాడికొచ్చేటోళ్లు ఇంత అన్నం ఏస్తరని కొడుకుతోని ఆఖరికి ఓదెమ్మనే అన్నది. కొడుకు ఇడిసి వచ్చిండు.

శ్రావణంల కోడలు గడప అలుకుదామని యాడనుంచో ఇంత పెండ తెప్పించింది. ఓదెమ్మ గడప ముంగట అలుకుతుంటే ఆ వాసన ముక్కుకు తాకింది. చెయ్యి ఆడనే ఆగింది. కర్రోనికి ఇల్లంటే గీ వాసననే. గీ వాసన లేని జాగంత వానికి బయటనే. బయటనే అనుకొని పోసిండు పాపం. దెబ్బలెందుకో వానికి తెల్వనే తెల్వదు.

చేతులు కడుక్కొని బస్సెక్కింది. కాళేశ్వరంల గోదారి మెట్ల కాడ చాయ్ డబ్బా నడిపే సారక్కను కర్రోని గురించి అడిగింది.

"ముసలి నల్లకుక్కనా అవ్వా? మా డబ్బా కాడనే పండేది. పొద్దుగాల నేను పెండనీళ్లు చల్లుడే ఆలస్యం, లేసి దూరం ఇసుకలకు పోయి ఉచ్చ పోసి వచ్చేది. మొన్న నీ అసొంటి ముసలామె ఎవ్వలో బస్సెక్కితే ఎనుకనే ఉరికింది. లారీ చూసుకోలే. మేమే ఒడ్డుకు బొంద తీసి పూడ్చినం."

చాయ్ పోసుకుంట, అసొంటి కుక్కను ఇడిసినోళ్లకు మనసెట్ల ఒప్పిందోనని సారక్క శానసేపు తిట్టింది.

"నీదేనా అవ్వా?"

ఓదెమ్మ కాదని తల ఊపింది. చాయ్ ఆడనే పెట్టి ఒడ్డు దిక్కు నడిసింది.

గిది యాదిల పెట్టుకోర్రి బిడ్డా. ఎవ్వలింట్లనన్న కుక్క నేల ఖరాబు చేసిందని కట్టె పడితే, కర్రోని ముచ్చట చెప్పుర్రి. ఇది నీ ఇల్లని దానికి ఎవ్వలన్న చూపెట్టిన్రా అని అడుగుర్రి.